అట్ట డప్పు

పోయిన ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చి అన్నానికి కూర్చోబోతుంటే ఫోనులో, ఒకప్పటి బహ్రెయిన్ తెలుగువాళ్ళ గ్రూపులో, ఒక వీడియో వచ్చింది. హైదరాబాదులో ఏదో పెద్ద హాలు. జానపద సంగీత ఉత్సవమట. ఎనభై దాటిన ఒక పెద్దమనిషికి వేదిక మీద శాలువా కప్పుతున్నారు. మనిషి వంగిపోయాడు కానీ గొంతు మారలేదు. మైకు అందుకొని, "గల్ఫ్ దేశంలో మన డప్పును మొట్టమొదట వేదిక ఎక్కించిన భాగ్యం నాదే" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వెనక తెర మీద ఒక పాత ఫోటో పడింది. ఎర్ర పరికిణీలు కట్టుకున్న ఆరుగురు ఆడపిల్లలు, ఆరుగురి చేతుల్లో డప్పులు. ఎడమ నుంచి మూడో పిల్లను నేను.

ఆ డప్పులు అట్టవి. మిఠాయి పెట్టెల అట్టను గుండ్రంగా కత్తిరించి, పైన బంగారు రంగు కాగితం అంటించినవి.

ఆ మాటే గ్రూపులో రాశాను. అవి అట్ట డప్పులనీ, అసలు డప్పు ఆ రోజు గోడ అవతల ఉందనీ, దాన్ని లోపలికి రానివ్వనిది ఈయనేననీ రాశాను. ఇద్దరు దండం బొమ్మలు పెట్టారు. ఒకామె, "ఈ వయసులో పెద్దాయన్ని బాధపెట్టడం ఎందుకక్కా" అంది. సాయంత్రానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. సరే. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను.

మేము బహ్రెయిన్‌లో హిద్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాకప్పుడు పదకొండేళ్ళు. అప్పటి హిద్ సన్నటి నాలుకలా సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉండేది. ఏ సందులోంచి నడిచినా చివర నీళ్ళే. ఎండుచేపలూ, డీజిలూ, తెల్లవారుజామున కాలే రొట్టెలూ, గురువారం సాయంత్రాలు ఇళ్ళలో వేసే సాంబ్రాణీ, అన్నీ కలిసిన ఒక వాసన ఆ ఊరికి ఉండేది. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో పీతలు పట్టిన చోటును పూడ్చేసి గోడౌన్లు కట్టారని విన్నాను. చూడాలని లేదు.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. మిషను ఆసుపత్రిలో చదువుకొని, ముందు తనొచ్చి, తర్వాత నాన్ననూ నన్నూ రప్పించుకుంది. నాన్న ఓడల మరమ్మతు యార్డులో పని చేసేవాడు. ఓడ అడుగున పట్టిన తుప్పు గీకి రంగు వేయడం ఆయన డ్యూటీ. ఎంత సబ్బు రుద్దినా ఆయన మెడ దగ్గర కిరోసిన్ వాసన పోయేది కాదు. నాకు ఆ వాసన ఇష్టం.

మా ఇల్లు ఒక ముసలాయన ఇంటి వెనక భాగం. రెండు గదులు, మధ్యలో చిన్న వాకిలి, వాకిట్లో ఒక బాదం చెట్టు. ఆయన్ను అందరూ హజ్జీ అనేవారు. వయసులో ఉండగా ముత్యాల కోసం వెళ్ళే పడవల మీద పాటగాడిగా పనిచేశాడట. తాడు లాగేవాళ్ళకీ, తెడ్డు వేసేవాళ్ళకీ ఊపు అందించడం కోసం ప్రతి పడవలోనూ ఒక పాటగాడు ఉండేవాడట. ముత్యాల వేట ఎప్పుడో ఆగిపోయింది. హజ్జీ పాట మాత్రం ఆగలేదు. వారానికొకసారి తనలాంటి ముసలివాళ్ళు వచ్చి ముందు గదిలో కూర్చొనేవారు. డప్పులాంటి గుండ్రటి వాయిద్యాలను నిప్పుల మీద కాచి, మట్టి కూజాలను అరచేతులతో కొడుతూ పాడేవారు. అది పాటో మూలుగో నాకు తెలిసేది కాదు. హజ్జీ మనవరాలూ నేనూ కిటికీ కింద కూర్చొని వాళ్ళను వెక్కిరిస్తూ మూలిగేవాళ్ళం. ఒకసారి పట్టుబడ్డాం. హజ్జీ కొట్టలేదు. ఇద్దరినీ లోపలికి పిలిచి, "ఇప్పుడు గట్టిగా మూలగండి" అన్నాడు. మేమిద్దరం పరుగో పరుగు.

నాన్న వేళ్ళు ఊరికే ఉండేవి కావు. బియ్యం డబ్బా మీద, బస్సు సీటు మీద, నా వీపు మీద ఏదో ఒక దరువు నడుస్తూనే ఉండేది. అమ్మ చూసేది. నాన్న ఆపేవాడు. ఎందుకు ఆపేవాడో నాకు చాలా రోజులు తెలియలేదు. తెనాలి అవతల మా ఊళ్ళో మా తాత డప్పు కొట్టేవాడు. మాది మాదిగపల్లె. తాత దగ్గర నాన్న నేర్చుకున్నాడు. తర్వాత నాన్నను చదివించిన హాస్టలులో డప్పు పేరు ఎత్తితే ఏం జరుగుతుందో కూడా నేర్చుకున్నాడు. బహ్రెయిన్‌లో తెలుగు క్రైస్తవులం ప్రార్థనకు కూడే మా సహవాసంలో హార్మోనియం ఉండేది, తబలా ఉండేది, గిటారు ఉండేది. అక్కడ సగం మందికి డప్పు తెలుసు. ఒక్కరి నోటా ఆ మాట వచ్చేది కాదు.

ఒక రోజు అమ్మ పనిచేసే ఆసుపత్రికి అరచేతిలో మేకు దిగిన మనిషి వచ్చాడు. హమద్ టౌన్‌లో ఇళ్ళు కడుతున్న కంపెనీలో శట్రింగ్ కార్పెంటర్, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే పని. అమ్మ కట్టు కడుతుంటే నొప్పికి "అవ్వో" అన్నాడట. తెలుగువాడని అమ్మకు తెలిసింది. జగిత్యాల దగ్గర ఊరు. నేను ఆయన్ను జగిత్యాల మామ అనేదాన్ని. కట్టు విప్పేనాటికి ఆయనకు మేము, మాకు ఆయన చుట్టాలమైపోయాం.

అప్పటి నుంచి శుక్రవారం ఉదయం సహవాసంలో ప్రార్థన అయ్యాక నాన్న నన్ను తీసుకొని ఆ కంపెనీ కూలీలుండే క్యాంపుకు వెళ్ళేవాడు. కర్జకాన్ దాటి పోతే అంతా ఇసుక, సగం లేచిన గోడలు. క్యాంపులో తడిసిన చెక్క వాసన, సిమెంటు వాసన, వాటి మీదుగా చేపల పులుసు వాసన. నా ముందు పళ్ళెం పెట్టి, "తిను బిడ్డా, మీ అమ్మ ఇంత కారం వెయ్యదు" అనేవాడు జగిత్యాల మామ. పచ్చిపులుసు నేను మొదటిసారి అక్కడే తాగాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఇంకో గ్లాసు అడిగాను.

తిన్నాక వాళ్ళు పాడేవారు. జగిత్యాల మామ ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు. నాట్లు వేసేటప్పుడు పాడేవి, మోట కొట్టేటప్పుడు పాడేవి. ఆ ఇసుకలో నాట్లేమిటి, మోటేమిటి? అయినా పాడేవారు. ఒక శుక్రవారం నాన్న ఖాళీ రంగు డబ్బా ఒకటి బోర్లించి, రెండు చెక్క పుల్లలు తీసుకొని పాట కింద మెల్లగా దరువు వేశాడు. జగిత్యాల మామ పాట ఆపేసి నాన్న వైపు చూశాడు.

"అన్నా, నీ చేతుల డప్పున్నది."

నాన్న పుల్లలు కింద పెట్టాడు.

"దాస్తవెందుకే? మా ఊళ్ళె డప్పు లేక పెండ్లి లేదు, చావు లేదు, జాతర లేదు. ఈ దుబాయి కొచ్చినంక దాని సప్పుడు ఇనక నాలుగేండ్లాయె. ఒకటి జేద్దామా?"

మా జగిత్యాల మామకు గల్ఫ్ అంతా దుబాయే.

"తోలు ఏడ నుంచొచ్చుద్ది?" అన్నాడు నాన్న. వద్దనలేదు.

తోలు హజ్జీ ఇంట్లోంచే వచ్చింది. బక్రీదుకు వాళ్ళు మేకను కోశారు. నాన్న వచ్చీరాని హిందీలో తోలు అడిగాడు. "దీంతో ఏం చేస్తావు" అని హజ్జీ హిందీలోనే అడిగితే, నాన్న ఛాతీ దగ్గర చేతులు గుండ్రంగా పెట్టి కొట్టి చూపించాడు. హజ్జీ ఒక నిమిషం చూసి, లోపలికి వెళ్ళి పెద్ద కత్తి కూడా తెచ్చి ఇచ్చాడు, వెంట్రుకలు గీకడానికి.

వాకిట్లో నీలం పీపాలో సున్నం నీళ్ళు కలిపి తోలు నానేశారు. ఆ కంపు గురించి ఏమని చెప్పను? ఆగస్టు ఎండ, సముద్రపు ఉక్క, దానికి తోడు ఆ పీపా. "ఆ తోలన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అంది అమ్మ. అని, ముక్కుకు ఆసుపత్రి గుడ్డ కట్టుకొని వంట చేసింది. హజ్జీ మనవరాలూ నేనూ ఎవరి చెయ్యి ఎక్కువసేపు పీపాలో ఉంచగలమో అని పందెం వేసుకున్నాం. ఇద్దరికీ మోచేతి దాకా బొబ్బలెక్కాయి. ఇద్దరమూ రెండిళ్ళలో తన్నులు తిన్నాం.

చట్రాన్ని జగిత్యాల మామ చేశాడు. శట్రింగులో మిగిలిన సన్నటి చెక్కల్ని నానబెట్టి, వంచి, అతికి, గోనెసంచిలో పెట్టుకొని రెండు బస్సులు మారి తెచ్చాడు. అతికించడానికి చింతగింజల జిగురు కావాలి. అమ్మ చింతపండులోంచి గింజలు ఏరి దాచి, వేయించి ఇచ్చింది. వేయించిన చింతగింజలు ఎంత రుచిగా ఉంటాయో తిన్నవాళ్ళకు తెలుసు. మేమిద్దరం సగం నమిలేశాం. జిగురు చాలక నాన్న మైదాపిండి కూడా ఉడికించి కలపాల్సి వచ్చింది. "నా డప్పు సగం నీ పొట్టలో ఉందే" అని నవ్వాడు.

ఎండిన రోజు బాదం ఆకులు పోగేసి మంట పెట్టాడు నాన్న. డప్పును సెగకు పట్టి తిప్పాడు. వేలితో తట్టి చూశాడు. కుడి చేతిలో లావు పుల్ల, ఎడమ చేతిలో సన్న పుల్ల. మొదటి దెబ్బకు హజ్జీ కిటికీ తెరుచుకుంది. నాన్న కొడుతూ ఉండగా అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. తెల్ల బట్టలతో, బూట్లతో అలాగే మెట్టు మీద కూర్చుంది. ఆపేదాకా లేవలేదు. "మీ నాన్న కొడుతుంటే మా ఇంటి వెనక నిలబడి వినేదాన్ని" అంది నాన్నతో. ఆ మాట నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. మా అమ్మానాన్నలను అంత సంతోషంగా చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందులో అదొకటి.

ఆ చలికాలం మొదట్లో మనామాలో ఒక క్లబ్బు జానపద సంగీత ఉత్సవం పెడుతోందని తెలిసింది. అన్ని దేశాలవాళ్ళూ, అన్ని భాషలవాళ్ళూ తమ తాతల నాటి పాటలు వినిపించాలి. తెలుగువాళ్ళ వంతు పదిహేను నిమిషాలు. అప్పట్లో తెలుగువాళ్ళకు ఒక చిన్న సంఘం ఉండేది, తర్వాత మూతపడింది. దాని సెక్రటరీయే ఇప్పుడు శాలువా కప్పించుకున్న పెద్దమనిషి. నాన్న ధైర్యం చేసి ఆయన దగ్గరికి వెళ్ళి, క్యాంపువాళ్ళతో పాటలు పాడిస్తామని చెప్పాడు. సెక్రటరీ గారు చాలా సంతోషించారు. "మీలాంటివాళ్ళే కావాలండీ. మట్టి పాటలు. వాయిద్యం సంగతి మీరే చూసుకుంటారా? మరీ మంచిది" అన్నారు.

నాన్న ఆ రాత్రి ఆ 'మీరు'ను అమ్మకు రెండుసార్లు చెప్పాడు.

వాయిద్యం ఏదో వారం రోజుల్లో అందరికీ తెలిసిపోయింది. ముందుగా మా సహవాసం పెద్ద ఇంటికి వచ్చాడు. ఆయన మావాడే. మా జిల్లావాడే, మా పల్లెలాంటి పల్లెవాడే. బ్యాంకులో ఉద్యోగం, కారు, ఇద్దరు కూతుళ్ళు. అమ్మ ఇచ్చిన టీ తాగుతూ గోడకు వేలాడుతున్న డప్పు వైపు చూడకుండా కూర్చున్నాడు.

"తమ్ముడూ, అది అవసరమా?"

"ఏది అన్నా?"

"తెలిసి అడుగుతావేంటి? మనం ఇక్కడ గౌరవంగా బతుకుతున్నాం. నువ్వు ఆ స్టేజీ మీద దాన్ని మెడలో వేసుకుంటే, మర్నాటికల్లా మనందరిదీ ఏ పల్లో లెక్క తేలిపోతుంది. నా పెద్దదానికి సంబంధం చూస్తన్నా. ఆళ్ళు మనవాళ్ళు కాదు. అంతకన్నా నేను చెప్పలేను."

"మా నాన్న కొట్టిన డప్పేగా అన్నా. దొంగతనం కాదుగా."

"మీ నాన్న కొట్టాడు. మా నాన్నా కొట్టాడు. మనం కొట్టకుండా ఉండటానికే గదా ఆళ్ళు మనల్ని చదివించింది?"

నాన్న ఖాళీ టీ గ్లాసు అందుకొని పక్కన పెట్టాడు. చివరికి, "ప్రార్థన చేసి ఎల్లన్నా" అన్నాడు. ఆయన ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థనలో కూడా డప్పు పేరు రాలేదు.

ఆ మనిషి మీద నాకు సెక్రటరీ మీద కన్నా ఎక్కువ కోపం. సెక్రటరీకి మా సంగతి తెలియదు. ఈయనకు తెలుసు. తెలిసీ ఆ మర్నాడు డప్పు ఆపించమని చెప్పడానికి సెక్రటరీ ఇంటికి వెళ్ళాడు.

ఇక నా సంగతి. నేను తప్పించుకోను.

సెక్రటరీ కూతురు మా బడి బస్సులోనే వచ్చేది. ఒక పొద్దున బస్సులో అందరూ వింటుండగా అడిగింది, "మీ డాడీ శవాల ముందు కొట్టేది కొడతారట కదా?" అని. "మా డాడీ కాదు, క్యాంపువాళ్ళు" అన్నాను. ఆ అమ్మాయి నమ్మినట్టు తల ఊపింది. రెండు రోజుల తర్వాత నన్ను వాళ్ళింటికి పిలిచారు. ఆడపిల్లల నృత్యం ఒకటి పెడుతున్నారట, ఒక పిల్ల తక్కువైందట, నాకు దరువు బాగా తెలుసని ఎవరో చెప్పారట. ఇంట్లో చెబితే నాన్న ముఖం వెలిగిపోయింది. "నేను కొడితే నువ్వు ఆడతావన్నమాట" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

వాళ్ళింట్లో మెత్తటి తివాచీ. అడుగు వేస్తే పాదం దిగిపోయేది. రోజూ ఐస్‌క్రీము. సెక్రటరీ కూతురు నా చెయ్యి పట్టుకొని తన గదిలోకి తీసుకెళ్ళింది. టేప్ రికార్డరులో ఏదో పాట పెట్టి మాకు అడుగులు నేర్పారు. ఉత్సవానికి మూడు రోజుల ముందు అట్ట డప్పులు తెచ్చి ఇచ్చింది సెక్రటరీ గారి భార్య. "ఆ రోజు కూడా క్యాసెట్టే వేస్తాం. పాటలవాళ్ళు ఇక ఉండరు. ఇంట్లో చెప్పొద్దమ్మా, అంకుల్ సమయం చూసి మీ నాన్నతో చెబుతారు" అంది.

నేను ఇంట్లో చెప్పలేదు.

మూడు రోజులు. ఆ శుక్రవారం తనకు పడ్డ డ్యూటీని నాన్న వేరేవాళ్ళతో మార్చుకోవడం చూశాను. జగిత్యాల మామ, ఇంకో ముగ్గురు వాళ్ళ ఫోర్‌మన్‌ను బతిమాలి ఓవర్‌టైం మానుకున్నారని విన్నాను. వాళ్ళ కోసం అమ్మ ఎర్ర తలపాగాలు కుడుతుంటే సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. చెప్పలేదు. ఎర్ర పరికిణీ, గజ్జెలు, ఆ తివాచీ, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోవడం, ఇవి పోతాయని చెప్పలేదు. ఇంకా లోపల ఒక మాట ఉంది. నాన్న స్టేజీ ఎక్కకపోతే నేనెవరి కూతురినో బస్సులో ఎవరికీ తెలియదు.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఉత్సవం మొదలైంది. అమ్మకు డ్యూటీ పడి రాలేకపోయింది. క్లబ్బు వెనక గోడ పక్కన సగానికి కోసిన ఇనుప పీపాలో నిప్పులు. హజ్జీ, ఆయన బృందం తెల్లటి బట్టల్లో దాని చుట్టూ కూర్చొని తమ వాయిద్యాలు కాచుకుంటున్నారు. సముద్రపు చెమ్మకు తోలు వదులైపోతుంది, కాచకపోతే పలకదు. నాన్నను చూడగానే హజ్జీ జరిగి చోటిచ్చాడు. అవాలీలో చమురు కంపెనీలో పనిచేసే ఒక అమెరికా ఆయన కూడా వచ్చి అక్కడే నిలబడ్డాడు. ఆయన చేతిలో బాంజో. తాతగారిదట, దాని ముఖానికీ తోలే. వాళ్ళ కొండల పాటలు పాడటానికి వచ్చాడు. ఆయనా సెగకు పట్టి తట్టి చూసుకున్నాడు. ముగ్గురికీ కలిసే భాష ఒక్కటీ లేదు. ఒకరి దాన్ని ఒకరు వేలితో కొట్టి చూసి నవ్వుకున్నారు. బాంజో అసలు బానిసలుగా తెచ్చిన నల్లవాళ్ళ వాయిద్యమనీ, వాళ్ళ చేతుల్లోంచి వేరే చేతుల్లోకి వెళ్ళాకే దానికి మర్యాద దక్కిందనీ పెద్దయ్యాక చదివాను. చదివినప్పుడు ఆ పీపా గుర్తొచ్చింది.

అప్పుడు సెక్రటరీ వచ్చాడు. వెనకాల మా సహవాసం పెద్ద, నేల చూపులు చూస్తూ.

"ఏమయ్యా, ఈ నిప్పులేంటి, ఈ పొగేంటి? లోపల పెద్దపెద్దవాళ్ళు కూర్చున్నారు."

"డప్పు కాత్తన్నామండీ. హజ్జీగారి పీపా ఇది."

"వాళ్ళది హెరిటేజ్. వాళ్ళ దేశం. నీది వేరు. చూడు, టైము తగ్గించేశారు. మనకు ఒక్క అయిటమే. పిల్లల డాన్సు పెడుతున్నాం. మీవాళ్ళని కూర్చొని చూడమను, వెనక కుర్చీలు ఉన్నాయి."

మొదటి రోజు 'మీరు' అన్న మనిషి. డప్పు చూశాక 'నువ్వు' అయ్యాడు. అది నా చెవులతో విన్నాను, ఎందుకంటే నేను అక్కడే తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, ఎర్ర పరికిణీలో, చేతిలో బంగారు కాగితం డప్పుతో.

"సార్, పది దినాల సంది నేర్చుకున్నం. ఒక్క పాట" అన్నాడు జగిత్యాల మామ.

"ఇది చావు డప్పయ్యా. శుభమా అని ఫంక్షన్ చేసుకుంటూ లోపలికి ఎలా రానిస్తాం? మీకైనా తెలియాలి."

సహవాసం పెద్ద నోరు విప్పలేదు. ఒక్క మాట. ఒక్క మాట అని ఉంటే ఈ రోజు ఆయన గురించి ఇలా రాసేదాన్ని కాదు.

సెక్రటరీ లోపలికి వెళ్ళబోతూ నన్ను చూసి, "రామ్మా, టైమైంది" అన్నాడు. అప్పుడు నాన్న నన్ను చూశాడు. నా చేతిలోది చూశాడు. దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా అది?"

"డప్పు."

నా చేతిలోంచి తీసుకున్నాడు. బరువు చూశాడు. వేలితో తట్టాడు. బిస్కెట్ పెట్టెను తట్టినట్టు టప్పుమంది.

"నీకు ముందే తెలుసా?"

నేను నేల వైపు చూశాను. ఆయన దాన్ని మళ్ళీ నా చేతికిచ్చాడు. అంచున ఊడుతున్న కాగితాన్ని బొటనవేలితో నొక్కి అంటించి మరీ ఇచ్చాడు.

"బాగుంది. ఎల్లి ఆడుకో."

ఆడాను. అడుగు తప్పకుండా ఆడాను. క్యాసెట్టులో ఎవరో మద్రాసు స్టూడియోలో కొట్టిన తబలా మోగింది. మేము అట్టల మీద పుల్లలు ఆడించాం. చప్పట్లు బాగా పడ్డాయి. ఫోటో తీశారు. బయటికి వచ్చేసరికి నాన్న లేడు, జగిత్యాల మామ లేడు, మిగతావాళ్ళూ లేరు. హజ్జీ ఒక్కడే పీపా పక్కన కూర్చొని ఉన్నాడు. రోజూ నన్ను చూడగానే జేబులోంచి ఖర్జూరం తీసి ఇచ్చే మనిషి. ఆ రోజు తీయలేదు. "నీ బాబు వెళ్ళిపోయాడు" అని హిందీలో చెప్పి ముఖం తిప్పుకున్నాడు.

నన్ను సహవాసం పెద్ద కారులో ఇంటికి దింపాడు. దారిలో, "ఏది జరిగినా మన మేలు కోసమేనమ్మా" అన్నాడు. నేను "అవునంకుల్" అన్నాను. ఆ 'అవును' ఇప్పటికీ నా నోట్లో చేదుగా ఉంది.

ఇంట్లో గోడకు డప్పు లేదు. నాన్న దాన్ని క్యాంపుకు ఇచ్చి పంపేశాడట. అమ్మకు సంగతంతా నాన్నే చెప్పి ఉంటాడు, నాకు ముందే తెలుసన్న సంగతి తప్ప. ఎందుకంటే అమ్మ సెక్రటరీని తిట్టింది, సహవాసం పెద్దను తిట్టింది, ఆ తర్వాత నెల రోజులు ఆయన చేతి మీదుగా ప్రభువు బల్ల రొట్టె తీసుకోలేదు. నన్ను మాత్రం ఏమీ అనలేదు. ఆ తర్వాత నాన్న వేళ్ళు బియ్యం డబ్బా మీద ఆడలేదు. నా వీపు మీదా ఆడలేదు. క్యాంపుకు వెళ్ళేవాడు కానీ నన్ను రమ్మనలేదు. నేను అడగలేదు.

ఏడాదిన్నర గడిచాక హమద్ టౌన్ పని అయిపోయింది. జగిత్యాల మామ ఊరికి వెళ్ళిపోతూ మా ఇంటికి వచ్చాడు. నాన్న స్నానం చేస్తున్నాడు. అమ్మ డ్యూటీలో ఉంది. నేను టీ పెట్టి ఇచ్చాను. ఆయన గ్లాసు పట్టుకొని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు.

"బిడ్డా, నీకు ఒక్క మాట చెప్పి పోవాలె. ఇన్ని దినాలు నీ మీద కోపంతోని చెప్పలే."

నేను నిలబడే ఉన్నాను.

"ఆనాడు నువ్వు లోపటికి పోయినంక మేమందరం గరమైనం. ఆ ముసలాయన గూడ లేసి నిలబడ్డడు. డప్పు కాగి ఉన్నది, గోడ అవుతల జనమున్నరు. కొట్టన్నా, గోడలు పలగాలె, ఎవడాపుతడో చూద్దామన్న. మీ నాయిన పుల్లలు చేతుల పట్టిండు. ఎత్తిండు. లోపట మీ పాట షురువైంది. గంతే, దించేసిండు. ఏమైందే అంటే, 'పిల్ల లోపల ఆడతంది. ఇక్కడ నేను కొడితే దాని అడుగు తప్పుద్ది' అన్నడు. నిప్పుల మీద నీళ్ళు చల్లిండు. ఇగ పోదాం పాండ్రి అన్నడు."

టీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు కింద పెట్టాడు. అప్పుడే నాన్న తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటో చెబుతున్నావు దానికి?" అని అడిగాడు. "ఏం లేదన్నా, మంచిగ సదువుకొమ్మంటున్న" అన్నాడు జగిత్యాల మామ.

నాన్న ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు బతికాడు. ఊరికి వచ్చి ఇల్లు కట్టుకున్నాడు, నా పెళ్ళి చేశాడు, నా పిల్లలను ఎత్తుకున్నాడు. డప్పు ముట్టుకోలేదు. ఆయనను పాతిపెట్టిన రోజు డప్పులు పెట్టాలని నేను పట్టుబడితే, పల్లెలో కొట్టేవాళ్ళు ఎవరూ మిగల్లేదన్నారు. కొట్టగలిగిన ఒకరిద్దరూ ఇప్పుడు ఊరు విడిచి ఉత్సవాలకు వెళ్తున్నారట.

ఆ సెక్రటరీని తిట్టగలను. ఆ సహవాసం పెద్దను తిట్టగలను, ఆయన సమాధిలో ఉన్నా సరే. ఇరవై ఆరేళ్ళలో నాన్నను ఒక్కసారి కూడా ఆ సాయంత్రం గురించి అడగలేకపోయాను. అడిగితే ఏమనేవాడో నాకు తెలుసు. 'నీ అడుగు తప్పలేదుగా' అనేవాడు. నవ్వుతూ అనేవాడు. అది వినలేకే అడగలేదు.